గిల్మన్ వీధి శ్రోతలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు తీరాన బర్క్‌లీ నగరం ఉంది. విశ్వవిద్యాలయం వల్ల ఆ నగరం లోకప్రసిద్ధమైంది. ఆ విశ్వవిద్యాలయానికి దూరంగా, గిడ్డంగులూ కార్ఖానాలూ ఉన్న పేటలో, గిల్మన్ వీధిలోని 924వ నంబరు భవనానికీ ఒక చరిత్ర ఉంది. 1986 డిసెంబరు 31 రాత్రి అక్కడ ఒక సంగీతశాల ప్రారంభమైంది. టిక్కెట్లు ఇవ్వడం మొదలుకొని నేల ఊడ్వడం వరకు అన్ని పనులూ స్వచ్ఛందంగా వచ్చిన యువతీయువకులే చేసేవారు. మద్యం, మాదకద్రవ్యాలు, కొట్లాటలు అక్కడ నిషిద్ధం. ఒక జాతిని గాని, స్త్రీలను గాని కించపరిచే మాటకు చోటు లేదు. వీటితోపాటు మరొక నియమం కూడా ఉండేది. పెద్ద రికార్డింగు కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకున్న బృందమేదీ ఆ వేదిక ఎక్కరాదు.

ఈ చివరి నియమం కారణంగానే, ఆ వేదిక మీద పెరిగిన ముగ్గురు యువకులు ఆ వేదికకే దూరమయ్యారు. వారి బృందం పేరు గ్రీన్ డే. గిటారు వాయిస్తూ పాడేవాడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్. బేస్ గిటారు మైక్ డర్న్ట్‌ది, డ్రమ్ములు ట్రే కూల్‌వి. ముగ్గురూ 1972లో పుట్టినవారే. ఆర్మ్‌స్ట్రాంగ్ పదేళ్ల వయసులో తండ్రిని కోల్పోయాడు. తల్లి హోటల్లో వడ్డన పని చేస్తూ సంసారాన్ని లాక్కువచ్చింది. ఆరుగురు సంతానంలో అతడే చివరివాడు. అటువంటి ఇంటి నుంచి వచ్చిన కుర్రవాడికి గిల్మన్ వీధి పాఠశాల వంటిదైంది. 1993లో ఈ బృందం రిప్రైజ్ అనే పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుంది. బర్క్‌లీలోనే ఉన్న ఫాంటసీ స్టూడియోలో పాటలు రికార్డు చేసింది. 1994 ఫిబ్రవరి 1న 'డూకీ' అనే ఆల్బం విడుదలైంది. ఆ పేరు మలాన్ని సూచించే పిల్లల మాట. పాఠ్యపుస్తకంలో అంతకంటే వివరించడం అనవసరం.

పంక్ సంగీతం 1970ల మధ్యకాలంలో న్యూయార్కులోనూ లండనులోనూ తలెత్తింది. సంగీతం కేవలం విద్వాంసుల సొత్తు కాదనీ, మూడు స్వరమేళనాలు తెలిసిన ఎవరైనా వేదిక ఎక్కవచ్చుననీ అది చాటింది. బిగ్గరగా, వేగంగా, రెండు మూడు నిమిషాలలో ముగిసిపోయే పాటలవి. ఆ వేగానికి, ఒకసారి వింటే మరిచిపోలేని పల్లవిని జతచేస్తే పాప్ పంక్ అవుతుంది. 'డూకీ'లోని పద్నాలుగు పాటలూ కలిసి దాదాపు నలభై నిమిషాలే.

1994 వేసవిలో ఈ పాటలు రేడియోలోనూ ఎం.టి.వి.లోనూ ఎడతెగకుండా మోగాయి. అందుచేత ఈ ఆల్బంను వేసవి సంగీతంగానే గుర్తుంచుకున్న శ్రోతలు ఎందరో ఉన్నారు. అయితే ఇందులోని వేసవి సముద్రతీరపు వేసవి కాదు. 'లాంగ్‌వ్యూ' అనే పాటలో ఒక కుర్రవాడు టెలివిజను ముందు కూలబడి ఉంటాడు. చేయడానికి పని లేదు, పోవడానికి చోటు లేదు. తనమీద తనకే విసుగు. బేస్ గిటారు నెమ్మదిగా దొర్లుతూ ఆ బద్ధకాన్ని పలికిస్తూ ఉంటుంది. పల్లవి రాగానే గిటారు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఎండాకాలపు సెలవులలో మధ్యాహ్నం మూడు గంటల వేళ ఎంత పొడవుగా ఉంటుందో ఎరిగిన విద్యార్థికి, ఇంగ్లీషు మాటలు అర్థం కాకపోయినా ఆ పాట అర్థమవుతుంది.

'బాస్కెట్ కేస్' అనే పాట మరింత విచిత్రమైనది. బాణీ ఉత్సాహంగా ఉరకలు వేస్తుంది. అందులోని మాటలు మాత్రం తనకు మతి తప్పుతున్నదేమోనని భయపడే మనిషివి. కారణం లేకుండా గుండె దడదడలాడే తీవ్రాందోళనతో ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా బాధపడ్డాడు. ఆ బాధ నుంచే పాట పుట్టింది. దానిని విని గంతులు వేసినవారున్నారు. తన గదిలో ఒంటరిగా విని, ఈ భయం తన ఒక్కడిదే కాదని ఊపిరి పీల్చుకున్నవారూ ఉన్నారు. కవి హృదయంతో సమానమైన హృదయం గలవాడే సహృదయుడని భారతీయ ఆలంకారికులు నిర్వచించారు. ఆ నిర్వచనం ప్రకారం చూస్తే రెండవ శ్రోతే సహృదయుడు. కాని మొదటివాణ్ని తోసిపుచ్చడమూ న్యాయం కాదు. గంతులు వేయడానికి తగిన బాణీ కట్టినవాడు కూడా ఆ కవే గదా!

గిల్మన్ వీధి శ్రోతల తీర్పు ఈ రెండింటికీ భిన్నమైనది. బృందం అమ్ముడుపోయిందని వారు తేల్చారు. ఆ సంగీతశాల స్థాపకులలో ఒకడైన టిమ్ యొహానన్ నడిపిన 'మాగ్జిమమ్ రాక్ అండ్ రోల్' పత్రిక పెద్ద కంపెనీల రికార్డులకు తన పుటలలో చోటివ్వలేదు. అవతల లండను పంక్ తొలితరానికి చెందిన జాన్ లైడన్ సైతం గ్రీన్ డేను పంక్ బృందంగా అంగీకరించలేదు. అతడి ఆక్షేపణకు మాత్రం పెద్దగా విలువ ఇవ్వనక్కరలేదు. అతడు పాడిన సెక్స్ పిస్టల్స్ బృందం 1976లో ఇ.ఎం.ఐ. వంటి మహాసంస్థతోనే ఒప్పందం చేసుకుంది. క్లాష్ అనే మరో ప్రసిద్ధ బృందం 1977లో సి.బి.ఎస్. కంపెనీలో చేరింది.

గిల్మన్ శ్రోతల మాటను అంత తేలికగా తీసివేయడానికి వీలులేదు. వారి అభిప్రాయాన్ని పరీక్షించడానికి ఒక మంచి సాధనం ఆ ఆల్బంలోనే ఉంది. 'వెల్‌కమ్ టు పారడైజ్' అనే పాటను ఈ బృందం రెండుసార్లు రికార్డు చేసింది. మొదటిసారి 'కర్‌ప్లంక్' అనే ఆల్బం కోసం. దానిని లుకౌట్ అనే చిన్న స్థానిక సంస్థ వెలువరించింది. రెండవసారి 'డూకీ' కోసం. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు విడిచి, పశ్చిమ ఓక్లండులో ఒక పాడుబడ్డ గిడ్డంగిలో పలువురితో కలిసి బతికిన రోజులే ఆ పాటకు వస్తువు. తల్లిని సంబోధిస్తూ సాగుతుంది. మొదట ఆ వీధులంటే భయం. పోనుపోను ఆ శిథిలమే ఇల్లనిపిస్తుంది. రెండు రికార్డులలోనూ మాటలు అవే, బాణీ అదే, వేగమూ ఇంచుమించు అదే. రెండవదానిలో గిటారు ధ్వని దట్టంగా ఉంటుంది, డ్రమ్ముల దెబ్బ స్పష్టంగా వినిపిస్తుంది. అంతే భేదం.

అయినా ఒకే పాటను ఒకచోట ప్రేమించి మరొకచోట నిరాకరించిన శ్రోతలున్నారు. వారు చెవితో తీర్పు చెప్పలేదనడం స్పష్టం. అంతమాత్రాన వారు అబద్ధమాడారనడం సరికాదు. స్వల్ప రుసుము చెల్లించి, గాయకుడికి చేతికందేంత దూరంలో నిలబడి, పాట ముగిసిన తరువాత అతడితోనే కలిసి నేల ఊడ్చిన పదిహేనేళ్ల పిల్లవాడికి ఆ పాట రికార్డు కాదు, ఒక ఊరు. 1994 ఆగస్టు 14న న్యూయార్కు రాష్ట్రంలోని సాగర్టీస్‌లో జరిగిన వుడ్‌స్టాక్ ఉత్సవంలో అదే బృందం జనసముద్రం ముందు పాడింది. వానకు నేలంతా బురదైంది. ప్రేక్షకులు బురద ముద్దలు విసిరారు. బృందం తిరిగి విసిరింది. ఆ గందరగోళంలో మైక్ డర్న్ట్‌ను వేదిక పైకి దూకిన ప్రేక్షకుడిగా భ్రమించి కాపలాదారు పడగొట్టగా అతడి పళ్లు దెబ్బతిన్నాయి. సొంత వేదిక మీద తానెవరో కాపలావాడికే తెలియని స్థితి! గిల్మన్ పిల్లలు కోల్పోయినదేమిటో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. వారి నష్టం నిజమైనది. దానికి బాధ్యత పాటమీద మోపడమే పొరపాటు.

పోతన తన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వడానికి నిరాకరించాడని తరతరాలుగా చెప్పుకొంటున్న తెలుగువారికి గిల్మన్ నియమం వింతగా తోచదు. రాజాస్థానాలలో సన్మానాలందుకున్నాడన్న కారణంతో శ్రీనాథుని పద్యాలు చదవడం మానుకున్న తెలుగువారూ లేరు.

చిన్న సంస్థలో స్వచ్ఛత, పెద్ద సంస్థలో కాలుష్యం అన్న విభజన కూడా తరువాతి కాలంలో నిలవలేదు. తమకు రావలసిన రాయల్టీలు అందకపోవడంతో గ్రీన్ డే 2005లో లుకౌట్ నుంచి తన తొలి ఆల్బంల హక్కులను వెనక్కి తీసుకుంది. 'డూకీ'కి 1995లో గ్రామీ పురస్కారం లభించింది. 1999 నాటికి ఒక్క అమెరికాలోనే కోటి ప్రతులు అమ్ముడైనట్లు ధ్రువీకరణ వచ్చింది. ఈ కోటిమందిలో అత్యధికులు గిల్మన్ వీధిని చూడనివారే. వారికి ఈ ఆల్బం ద్రోహం కాదు, పరిచయం. దీని వెంబడి వెనక్కి నడిచి పాత పంక్ బృందాలను కనుగొన్న శ్రోతలు వారిలో ఎందరో ఉన్నారు.

ఈ కీర్తి మధ్యలో కూడా ఆ మూసిన తలుపు ఆర్మ్‌స్ట్రాంగ్‌ను వదలలేదు. 1995లో వచ్చిన 'ఇన్‌సోమ్నియాక్' ఆల్బంలోని '86' అనే పాట గిల్మన్‌లో ఎదురైన తిరస్కారాన్ని గురించినదే. అంటే అంతటి కీర్తి ఒకవైపు, ఒక చిన్న హాలులోని కొద్దిమంది శ్రోతల అభిప్రాయం మరొకవైపు పెట్టి తూచినప్పుడు, ఆ గాయకుడి మనసులో రెండవ తట్టే బరువుగా ఉండిందనుకోవాలి.

2024లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, శాశ్వతంగా భద్రపరచదగిన ధ్వనిముద్రణల పట్టికలో 'డూకీ'ని చేర్చింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2015 మే 17న, ఓక్లండులో అగ్నిప్రమాదం వల్ల నష్టపోయిన ఒక చిన్న ప్రచురణ సంస్థకు సహాయంగా గిల్మన్ వీధిలో కచేరీ ఏర్పాటైంది. ఆ రాత్రి ఆ వేదిక ఎక్కినవారిలో గ్రీన్ డే కూడా ఉంది. ముగ్గురికీ అప్పటికి నలభై దాటింది. హాలు మాత్రం ఎప్పటిలాగే చిన్నది. ముందు వరుసలో నిలబడినవారికి గాయకుడు మళ్లీ చేతికందేంత దూరంలో ఉన్నాడు.