వంకర లెన్సుతో కొండపల్లికి

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇల్లు మీది కూడా అయితే, మెట్ల మీద ఓ మూల కొండపల్లి బొమ్మ ఒక్కటైనా ఉండే ఉంటుంది. రంగు వెలిసిన అంబారీ ఏనుగో, ఒక ఎద్దుకి కొమ్ము విరిగిన బండో! ఏడాదికోసారి అట్టపెట్టెలోంచి తీసి, పాత చీరముక్కతో తుడిచి, పండగ కాగానే మళ్ళీ లోపల పెట్టేస్తాం. అంతేగానీ అవి తయారయ్యే ఊరు చూద్దామని మనలో ఎంతమందికి అనిపించింది చెప్పండి? విజయవాడకి ఇరవై కిలోమీటర్ల లోపే. నేనూ ఇన్నేళ్ళూ దుర్గమ్మ దర్శనం చేసుకుని తిరుగు బస్సెక్కేసిన దాన్నే.

తీరా వెళ్ళింది బొమ్మల కోసమూ కాదు, ఒక లెన్సు కోసం! మా చెల్లెలు అమెరికా నుంచి వస్తూ తెచ్చింది. ‘ఫోటోలంటే పిచ్చి కదా, ఇది నీకు’ అని చేతిలో పెట్టింది. చూస్తే ఏముంది? మెడ విరిగినట్టు అటూ ఇటూ ఊగుతోంది. పాడైపోయిన సరుకు అంటగట్టారేమో అనుకున్నాను ముందు. కాదట, అది ఊగడానికే పుట్టిందిట! పేరు లెన్స్‌బేబీ.

దీని కథ కొంచెం చెబుతాను. అమెరికాలో పోర్ట్‌లండ్ అనే ఊళ్ళో క్రెయిగ్ స్ట్రాంగ్ అనే ఫోటోగ్రాఫరు, పాత కెమెరా లెన్సు ఒకటి తీసి, వాక్యూం క్లీనరు గొట్టం ముక్కకి బిగించి, దాన్ని తన కెమెరాకి తగిలించాడు. గొట్టం వంగుతుంది కదా! వేళ్ళతో నొక్కుతూ, వంచుతూ ఫోటోలు తీశాడు. 2004లో అదే వస్తువై బజారుకొచ్చింది. నాకొచ్చిన దాంట్లో గొట్టం లేదు. గిన్నెలో గోళీ తిరిగినట్టు లోపల తిరుగుతుంది, ఎటు వంచితే అటు నిలబడుతుంది.

వంచితే ఏమవుతుంది అంటారా? మన వంటింటి సామానుతో చెబుతాను. మామూలు లెన్సు ముందు ఒక పళ్ళెం నిలువుగా పట్టుకున్నట్టు ఊహించుకోండి. ఆ పళ్ళెం మీద ఏదుంటే అది స్పష్టంగా పడుతుంది, దాని ముందూ వెనకా ఉన్నవి మసక. ఈ లెన్సుకి పళ్ళెం బదులు గుంటగరిటె ఉంటుంది. గరిటె మధ్యభాగం దగ్గర ఉన్నది మాత్రం స్పష్టం. చుట్టూ ఉన్నదంతా, అదే దూరంలో ఉన్నా సరే, జారిపోయినట్టు, కరిగిపోయినట్టు అయిపోతుంది. పసుపు రాసిన గడప మీద ఒకే ఒక్క కుంకుమ బొట్టు! లెన్సుని ఎడమకి వంచితే ఆ బొట్టు ఎడమకి పోతుంది, పైకెత్తితే పైకి. లోపలి కన్ను పెద్దగా తెరిస్తే బొట్టు చిన్నదవుతుంది, చిన్నగా తెరిస్తే పెద్దదవుతుంది. ఆటోమేటిక్ ఫోకసు లేదు, అంతా చేత్తో తిప్పుకోవడమే. కొన్ని కెమెరాలు దీన్ని అసలు లెన్సుగానే గుర్తించవు. ‘లెన్సు లేకపోయినా ఫోటో తియ్యి’ అని మెనూలో చెప్పుకోవాలి!

మొదటి ప్రయోగం పెసరట్టు మీద చేశాను. అల్లం పచ్చడి మాత్రం మెరుస్తోంది, అట్టు గాల్లో తేలిపోయింది. మా వారు చూసి ‘చెయ్యి వణికినట్టుందే’ అని ఊరుకున్నారు. ఆ మాటకి వొళ్ళు మండి, ఈ లెన్సు పనికొచ్చే చోటేదో వెతికి మరీ చూపిద్దామనుకున్నాను. అప్పుడే అటక మీది అంబారీ ఏనుగు గుర్తొచ్చింది.

పొద్దున్నే బయల్దేరి ముందు ఖిల్లా మీదికి వెళ్ళాం. పధ్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించిన కోట. తర్వాత గజపతులు ఏలారు, శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. ఇప్పుడు కొండ మీదిదాకా రోడ్డుంది. రాజుల సంగతి అలా ఉంచి, బురుజు మీంచి కిందికి చూడండి. ఇళ్ళు, రైలు పట్టాలు, అటుపక్క ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను పొగగొట్టాలు. లెన్సు కొంచెం వంచి ఊరి మధ్యలో బొట్టు పెట్టాను. ఏం చెప్పమంటారు! ఊరంతా కొలువులో పెట్టిన బొమ్మల్లా అయిపోయింది. అగ్గిపెట్టెలంత ఇళ్ళు, చీమంత ఆటో. దానికి కారణం ఉందండీ. చాలా దగ్గరగా, చాలా చిన్న వస్తువుని చూసినప్పుడే మన కంటికి చుట్టూ అంత మసక కనపడుతుంది. అందుకని ఊరికి ఆ మసక పెట్టగానే, ఇది అరచేతిలో పట్టేదేమో అని మనసు పొరబడుతుంది. ఎత్తు మీంచి తీస్తేనే ఈ మాయ. ఊరి బొమ్మ చాలు అనిపించేదాకా తీసి, బొమ్మల ఊరికి దిగాం.

కొండ కిందే బొమ్మల కాలనీ. వరసగా ఇళ్ళు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలోనో అరుగు మీదో పని. ఈ పని చేసేవాళ్ళని ఆర్యక్షత్రియులంటారు. పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. చెక్క పేరు తెల్లపొణికి, ఈ చుట్టుపక్కల కొండల్లో పెరిగే చెట్టు. చేతిలోకి తీసుకుంటే బెండులా తేలిక! దాన్ని బాగా ఆరబెడితే గానీ పనికి రాదు. తడి ఉంటే తర్వాత బొమ్మ బీటలిస్తుంది. అసలు నేననుకున్నదేమిటంటే, ఏనుగుని ఒకే చెక్కలోంచి చెక్కుతారని. కాదు! తొండం వేరు, చెవులు వేరు, కాళ్ళు వేరు. అన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల అంబలిలో రంపంపొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. దాన్ని మక్కు అంటారు. అతుకులు కనపడకుండా ఆ మక్కుతోనే నున్నగా మెత్తి, ఆకురాయితో రాసి, పైన సుద్ద పూసి, అది ఆరాక రంగులు. ‘చింతగింజలు పారేస్తామా ఎక్కడైనా’ అని అక్కడొకాయన నన్ను కేకలేసినంత పని చేశాడు. తెల్లపొణికి కొండల్లో తగ్గిపోతోందని వాళ్ళ దిగులు. చెక్క లేకపోతే ఈ చేతులకి పనేముంది?

చెక్కేది ఎక్కువగా మగవాళ్ళు. రంగులు వేసేది ఆడవాళ్ళు. కుంచె మేకవెంట్రుకలది. మిరపగింజంత కంటిపాపని ఒక్క చుక్కలో పెట్టేస్తున్నారు. మనం ముగ్గులో చుక్క పెట్టినట్టే, చూడకుండా!

ఒక అరుగు మీద అరవై దాటిన ఆవిడ పెళ్ళి పల్లకీకి రంగులేస్తోంది. ‘పిన్నిగారూ, ఫోటో తీసుకోనా?’ అన్నాను. ‘తీసుకో అమ్మాయ్, పని ఆపమనకు’ అంది. నేల మీద కూచుని, బొమ్మ ఎత్తుకి కళ్ళు దించి, పల్లకీలోని పెళ్ళికూతురు మొహం మీద బొట్టు పెట్టుకున్నాను. చుట్టూ అంతా రంగుల పొగ. ఇందాక ఊరు బొమ్మయిందా, ఇప్పుడు బొమ్మ మనిషయింది! బోయీలు నిజంగా అడుగులేస్తున్నట్టే ఉంది. వరసగా ఇరవై తీశాను. నా ఫోటోగ్రఫీ మీద నాకే గౌరవం పెరిగిపోయింది.

ఆ సంబరంలో కెమెరా తిప్పి ఆవిడకి చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. ‘బొమ్మ బాగుంది’ అంది. తర్వాత వేలితో తెర మీద ఎర్రటి పొగలాంటిది చూపించి, ‘ఇదేంటమ్మాయ్?’

‘మీ చీరండీ.’

‘ఇది?’

‘మీ చెయ్యి.’

‘మరి నేనేదీ ఇందులో?’

నేనేమంటాను చెప్పండి? ఇరవై ఫోటోలు మళ్ళీ వెతికాను. ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు. ఎర్రటి పొగ, గోధుమరంగు పొగ! ఎదురుగా గంటసేపు కూచున్న మనిషిని నేను చూడలేదన్నమాట. నా సిగ్గు చూసి ఆవిడే నవ్వింది. ‘పోన్లే, మళ్ళీ తియ్యి’ అంది.

ఈసారి బొట్టు ఆవిడ మొహం మీద పెట్టాను. ముడతలు, చెంప మీద అంటిన పసుపు రంగు, ముక్కుపుడక, అన్నీ చక్కగా వచ్చాయి. గర్వంగా చూపిస్తే మొహం చిట్లించింది. ‘బొమ్మ అలుక్కుపోయిందేంటీ? రంగు సరిగ్గా వెయ్యలేదనుకుంటారు చూసినోళ్ళు!’ నిజమే కదా. రెండ్రోజుల పని ఆవిడది. మనం వండిన గారెల పళ్ళెం మసగ్గా పడేసి మన మొహం మాత్రం స్పష్టంగా తీస్తే మనకెలా ఉంటుంది?

మొహమూ కావాలి, బొమ్మా కావాలి, వెనకాల వేలాడుతున్న బట్టలూ ప్లాస్టిక్ డబ్బాలూ మాత్రం వద్దు. మామూలు లెన్సుతో కన్ను బాగా మూస్తే మొహం, బొమ్మ రెండూ వస్తాయి, కానీ డబ్బాలు కూడా వచ్చేస్తాయి. అప్పుడు చెల్లెలు ఇచ్చిన పెట్టెలో రెండో ముక్క గుర్తొచ్చింది. ఈ లెన్సులో లోపలి గాజు మార్చుకోవచ్చు. గుండ్రటి బొట్టు పెట్టేది ఒకటి, చారలా స్పష్టత ఇచ్చేది ఇంకొకటి. దాని పేరు ఎడ్జ్. దీనికి గరిటె కాదు, మళ్ళీ పళ్ళెమే. కానీ లెన్సు వంచిన కొద్దీ పళ్ళెం కూడా వాలిపోతుంది, చెరిగేటప్పుడు చేట వాల్చినట్టు! ఇదేం కొత్త విద్య కాదు. షైమ్‌ఫ్లుగ్ అనే ఆస్ట్రియా సైనికాధికారి 1904లోనే దీని మీద పేటెంటు తీసుకున్నాడు, ఆకాశం నుంచి తీసిన ఫోటోల వంకర సరిచేయడానికి.

అరుగు నిండా రంపంపొట్టు. అక్కడే లెన్సు విప్పబోతే చెల్లెలి హెచ్చరిక జ్ఞాపకమొచ్చింది. కెమెరా లోపల ఒక్క నలుసు పడ్డా ప్రతి ఫోటోలోనూ నల్లచుక్కే! వీధి చివరిదాకా పోయి, ఆటోలో కూచుని, చీర కొంగు అడ్డం పెట్టుకుని మార్చుకొచ్చాను. ఆటో అబ్బాయి నేనేదో రత్నాలు దాస్తున్నట్టు చూశాడు.

పల్లకీ ఆవిడ ఒళ్ళో, కిందుగా, నాకు దగ్గరగా ఉంది. మొహం పైన, కాస్త వెనగ్గా ఉంది. లెన్సు మూతిని కిందికి వంచితే, స్పష్టంగా ఉండే ఆ పళ్ళెం బొమ్మ దగ్గర మొదలై, చేతి మీదుగా, వాలుగా మొహం దాకా ఎక్కుతుంది. చెప్పినంత తేలిక కాదు సుమండీ! ఒకసారి గడ్డం, ఒకసారి మోచెయ్యి, ఒకసారి ఏదీ కాదు. పాపం ఆవిడ పని ఆపనన్నది కాస్తా, కుంచె పట్టుకుని కదలకుండా కూచుంది. పదిహేనో దానికి కుదిరింది. పెళ్ళికూతురి కళ్ళు, కుంచె మొన, ముక్కుపుడక, ఆవిడ కళ్ళు, అన్నీ ఒక వరసలో మెరుస్తూ! డబ్బాలు, బట్టలు, ఎవరిదో సైకిలు, అన్నీ కరిగిపోయాయి.

ఈసారి ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి కేకేసి కోడల్ని పిలిచి చూపించింది.

మీకూ సరదాగా ఉంటే ఒక్క మాట. ఈ లెన్సు చవక కాదు. అప్పు చేసి కొనాల్సిన వస్తువు అంతకన్నా కాదు. పూర్వం స్టూడియోల్లో గాజు ఫిల్టరు అంచుల మీద వాజ్‌లైన్ పల్చగా రాసి, మధ్యలో వదిలేసేవారు. మీ దగ్గర ఫోను మాత్రమే ఉంటే, అన్నం గిన్నెల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ కాగితానికి మధ్యలో చిన్న చిల్లు పెట్టి, చిల్లు చుట్టూ వాజ్‌లైన్ చుక్క రాసి, ఫోను కంటి ముందు పట్టుకోండి. లెన్సు మీద మాత్రం నేరుగా రాయకండి, తుడవలేక చస్తారు. ఫోను తనంతట తానుగా ఇచ్చే మసక కూడా ఉంది గానీ, అది లెక్కలు కట్టి వేసే మసక. ఒక్కోసారి చెవిపోగు కూడా మాయం చేస్తుంది. నాకు నచ్చదు.

కొండపల్లి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, ఖిల్లా మీద ఎండ ముదరక ముందు. కాలనీలో బేరం మరీ గీసి గీసి ఆడకండి. తొండం వేరు, చెవులు వేరు అని చెప్పాను కదా, ఎన్ని చేతులు పడతాయో లెక్కేసుకోండి. నేను అంబారీ ఏనుగునే మళ్ళీ ఒకటి కొన్నాను. పాతదాని పక్కన పెట్టడానికి.

ఆ ఫోటో పెద్దదిగా వేయించి పోస్టులో పంపించాను. పది రోజులకి ఫోనొచ్చింది. ‘ముక్కుపుడక కూడా పడిందే!’ అని మొదలెట్టింది ఆవిడ. ముందు గదిలో, గల్లాపెట్టె పైన తగిలించారట. ‘ఈసారి మా మనవరాలితో కలిపి తియ్యాలమ్మాయ్, అది కూడా కళ్ళు దిద్దుతోంది ఇప్పుడు. సంక్రాంతి ముందు మాత్రం రాకు, పని తెమలదు’ అని పెట్టేసింది.