వేటకు వెడలెడి రాణి

తొలకరివాన కురిసిన సాయంకాలమున దీపము చుట్టును మూగెడి ఉసిళ్లను మనమందఱము చూచియే యుందుము. అవి చెదజాతివి గాని చీమలు కావు. అయినను చీమలకును అట్టి దినమొకటి కలదు. రెక్కల రాణి పుట్ట విడిచి యెగిరి, మగచీమను గూడి, నేలకు దిగిన పిమ్మట తన రెక్కలను తానే విఱిచివేసికొనును. చీమకు రెక్కలు వచ్చుట చావునకే యని పెద్దలందురు. మగచీమల విషయమున నది నిజమే. రాణికి మాత్రము సంసారమప్పుడే మొదలగును.

క్రిందటి వానకాలమున నట్టి గండుచీమ రాణి యొకటి మా తులసికోట ప్రక్కన తిరుగుచుండగా, దానిని పట్టి తడిమన్ను వేసిన సీసాలో నుంచితిమి. "రాణిగారికి విందేమి చేసెదవు?" అని మావారు పరిహసించిరి. బెల్లము పెట్టితిమి, ముట్టలేదు. చచ్చిన ఈగను వేసితిమి, చూడలేదు. కొన్ని దినములకు గుడ్లు కనబడెను. ఆకలిచే చచ్చునేమో యని జాలిపడి దినమునకు నాలుగుమాఱులు మూత తీసి చూచుచుంటిమి. ఒకనాటి యుదయమున గుడ్లు లేవు. తల్లియే తినివేసినది!

పిమ్మట చదివి తెలిసికొంటిమి. గండుచీమ రాణి గది మూసికొని, ఒడలి క్రొవ్వును, ఇక పనిలేని రెక్కల కండరములను కరగించుకొని, తొలి సంతానమును పోషించును. అన్యాహార మక్కఱలేదు. బెదరినచో గుడ్లు తినుట కలదట. మా జాలియే దానికి శత్రువైనది.

రాణులన్నియు నిట్లే యుపవాసముండు ననుకొంటిమి. కాదు. మన దక్షిణదేశముననే దుముకుడు చీమ యొకటి కలదు. 1851లో దీనికి శాస్త్రనామమిడిన జెర్డన్ అను వైద్యుడు కొంతకాలము మన నెల్లూరిలో సివిల్ సర్జనుగా నుండినవాడే. పెద్ద కన్నులు, ముందునకు సాగి పైకి వంగిన పట్టకారువంటి దవడలు దీని గుఱుతులు. ఈ జాతిలో రాణికిని కూలిచీమకును పరిమాణమున భేద మత్యల్పము. కావున రాణి యొడలిలో చాలినంత నిలువ లేదు. దాని పిల్లపురుగులకో, పురుగు మాంసమే కావలయును. అందుచే రాణి బొరియ త్రవ్వి గుడ్లు పెట్టి, తానే వేటకు వెడలును.

సాలెపురుగునో, కీచురాయినో, బొద్దింకపిల్లనో కంటితో కనిపెట్టి, దుమికి దవడలతో పట్టి, కడుపు వంచి కొండితో పొడుచును. ఆ విషముచే పురుగు చావదు, కదలలేక పడియుండును. కావున మాంసము చెడదు. ఊరుగాయ జాడీలను చూచుకొని మురిసెడి మనకు ఈ నేర్పు విశేషముగా దోచవలసినదే.

ఆస్ట్రేలియాలోని బుల్‌డాగ్ చీమల రాణులును ఇట్లే వేటాడునని అమెరికా శాస్త్రజ్ఞుడు వీలర్ 1933లో వెలువరించిన గ్రంథమున వివరించెను.

రాణి వెలుపలికి పోయినంతసేపు గుడ్లకు దిక్కెవరు? అక్క లేదు, అత్త లేదు. పరచీమలు వచ్చి యెత్తుకొని పోవచ్చును. రాణియే బల్లి నోట పడెనా, వంశమంతయు నంతటితో సరి. పోక కూర్చున్నచో పిల్లలు మాడును. మా వీధి చివర నిల్లు కట్టుచుండగా, చంటిబిడ్డను చెట్టుకొమ్మ యుయ్యెలలో విడిచి యిటుకలు మోసిన తల్లిని జూచి, "ఎట్లు మనసొప్పినదో!" యని మేమొకప్పు డంటిమి. ఈ చీమను గూర్చి చదువునప్పుడు ఆ మాట జ్ఞాపకమునకు వచ్చి తల వంచుకొంటిమి. బిడ్డ యేడ్చినపుడెల్ల ఆమె తట్ట దింపి పరుగెత్తుట మేము చూడకపోలేదు.

తొలి కూతుళ్లు పెరిగి గూళ్లు చీల్చుకొని వెలువడిన పిమ్మట వేట వాటిదే. కాపురము పెద్దదైన కొలది, పిల్లలు విడిచిన గూళ్ల ముక్కలను గదిగోడల కతికించి యలంకరించునట. 1994లో శాస్త్రజ్ఞులు దీనిని ప్రకటించిరి. మనము గోడలకు రంగు కాగితము లతికించినట్లే!

ఈ తొలకరికి మఱల నొక గండుచీమ రాణి దొరకినది. సీసాకు నల్లగుడ్డ చుట్టి గోడగూటిలో నుంచితిమి. మావారు రెండుమాఱులు మూత తీయుమనిరి. మేము తీయలేదు.