కొల్లేటి గట్టున ఒక తెల్లవారుజాము

పోయిన శ్రావణంలో బరంపురం దగ్గర మా అరెకరం చెరువులో చేపలు చచ్చి తేలిన సంగతి మా బంధువులందరికీ తెలిసినదే. అంతకు ముందురోజే పక్క పొలం ఆసామి పురుగుమందు కొట్టాడు. ఇంకేముంది, ఆ మందే మా చెరువులోకి దిగిందని తేల్చేశాము. ముప్ఫై యేళ్ళుగా పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకున్న రెండిళ్ళ మధ్య మాటలు పోయినై. ఈ గొడవ విని, కైకలూరులో వున్న మా మేనత్త కొడుకు, "తగువు తర్వాత పడుదువుగాని బావా, ముందు ఒకసారి వచ్చి మా చెరువులు చూడు" అని కబురు పెట్టాడు. సరేనని యీ ఆషాఢంలో మేమిద్దరమూ బయలుదేరాము.

ఏలూరులో రైలు దిగి బస్సెక్కిన కాసేపటికే నేలంతా నీళ్ళుగా మారిపోయింది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో వుంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి యేళ్ళు తెచ్చిన నీటిని పట్టి వుంచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. 1999లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో సరస్సు లోపల కట్టిన చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించింది. బావ చెరువు సరస్సుకు బయట, పట్టా భూమిలో వుంది. ఆటపాకలో గూడబాతులనూ, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మనూ చూసి సాయంత్రానికి చెరువు గట్టు చేరాము.

ఆరెకరాల చెరువు. బొచ్చె, శీలావతి పెంచుతున్నాడు. కన్నాలు పెట్టిన సంచుల్లో తవుడు నింపి గుంజలకు వేలాడదీస్తే, చేపలే వచ్చి పొడుచుకు తింటాయి. పెరిగిన సరుకు మంచుపెట్టెల్లో లారీలెక్కి బెంగాలుకూ, అస్సాముకూ పోతుంది. "మీ ఒడిశా ఋణం మాకు వుంది సుమా," అన్నాడు బావ. 1957 జూలై 10న అంగుల్‌లో హీరాలాల్ చౌధురిగారు సూదిమందుతో యీ జాతి చేపలచేత గుడ్లు పెట్టించగలిగారు. అంతకు మునుపు పిల్ల కావాలంటే వరదల్లో నదులకు పోయి ఏరుకోవలసిందే. బరంపురం వాళ్ళమై వుండీ యీ మాట కైకలూరులో వినవలసి వచ్చింది!

మా ఆవిడ నీళ్ళ మీద తేలుతున్న తెడ్ల చక్రాలను చూసి, "ఇవేమిటి అన్నయ్యగారూ?" అంది.

"ఏరియేటర్లు చెల్లెమ్మా. నీళ్ళకు ఊపిరి పోసే యంత్రాలు. రొయ్యల చెరువుల్లో యివి లేనిదే పని జరగదు. చేపలకు అవసరాన్ని బట్టి వాడతాము."

లీటరు గాలిలో ప్రాణవాయువు సుమారు 270 మిల్లీగ్రాములుంటే, 30 డిగ్రీల వేడిలో లీటరు నీరు ఏడున్నర మించి పట్టుకోలేదట. చేప హాయిగా పెరగాలంటే 5 వుండాలి. 3 దిగితే అవస్థ పడుతుంది. ఇంకా దిగితే ప్రాణానికే ముప్పు. పగలు నీటిలోని పచ్చని నాచు ఎండ తాగి ప్రాణవాయువును ఇస్తుంది. రాత్రి ఆ నాచే దానిని పీల్చుకుంటుంది, చేపలకంటె ఎక్కువగా కూడా. అందుచేత సాయంత్రం నిండుగా వున్న చెరువు తెల్లవారేసరికి ఖాళీ అవుతుంది. మబ్బు పట్టి గాలి ఆడకపోతే పగటి సంపాదనా వుండదు, రాత్రి ఖర్చూ తగ్గదు.

"అయితే రోజంతా చక్రాలు తిప్పితే సరి!" అన్నాము.

బావ నవ్వాడు. "కరెంటు బిల్లు నువ్వు కడతావా? నీరు ఎంత ఆకలిగా వుంటే అంత వేగంగా గాలిని మింగుతుంది. ఏడున్నర పట్టే నీటిలో 2 వుంటే లోటు అయిదున్నర. 6 వుంటే లోటు ఒకటిన్నరే. అదే చక్రం, అదే కరెంటు, మొదటి వేళ మూడున్నర రెట్లు పైగా లాభం. మిట్టమధ్యాహ్నం నీరు నిండి పొర్లుతున్నప్పుడు తిప్పితే వున్న వాయువు కూడా పైకి పోతుంది. అందుకే అర్ధరాత్రి నుంచి సూర్యోదయం దాకా తిప్పుతాము."

అడుగున గొట్టం పెట్టి గాలి వూదితే చాలదా అని మా ఆవిడ సందేహం. మనిషి లోతు చెరువులో పెద్ద బుడగ కరిగేలోగానే పైకి వచ్చి పగిలిపోతుందట. తెడ్ల చక్రం నీటిని తుంపరలుగా ఎగరేసి గాలి తగిలే మేర పెంచుతుంది. పైగా ఆ నీటిని చెరువంతా తిప్పుతుంది.

ఆ రాత్రి మబ్బు కమ్మింది. రెండు గంటలకు మీటరు 3 చూపింది. చక్రాలు వేశాడు. మూడున్నరకు కరెంటు పోయింది. జెనరేటరు తాడు లాగితే అంటుకోదు. టార్చి వేస్తే నీటి మీద వేల నోళ్ళు! గుటక గుటకమనే ఆ చప్పుడు ఇప్పటికీ మా చెవుల్లో వుంది. అప్పు తెచ్చి పెంచిన సరుకు. బావ నోట మాట లేదు. కాపలా కుర్రవాడు పడవ దించి తెడ్డుతో నీరు చిమ్మసాగాడు. ఇరవై నిమిషాలకు ఇంజను పట్టుకుంది. చక్రాలు తిరిగాయి. చేపలు ఆ తుంపర చుట్టూ చేరాయి. తెల్లవారి చూస్తే పోయినవి పాతిక, అన్నీ పెద్ద చేపలే.

గట్టు మీద టీ తాగుతూ బావ అడిగాడు: "మీ చెరువులో పోయినవి పెద్దవా, చిన్నవా?" పెద్దవే. "కప్పలు, నత్తలు?" బాగానే వున్నాయి. "అంతకు ముందు మబ్బులా?" మూడు రోజులు. "పేడ వేశావా?" రెండు బండ్లు.

ఇక మేము తలెత్తలేదు. విషమైతే చిన్నా పెద్దా చూస్తుందా? పెద్ద చేపకు ఊపిరి ముందుగా చాలదు.

"నీ అరెకరానికి ఇప్పుడే యంత్రం కొనకు," అన్నాడు బావ. "పేడ తగ్గించు. పిల్లను పలచగా వెయ్యి. చెయ్యి మోచేతిదాకా ముంచినప్పుడు అరచెయ్యి కనబడకపోతే నాచు ముదిరినట్టు. మబ్బు రోజున మేత ఆపు."

ఏలూరులో పూతరేకులు కొని ఇంటికి వచ్చాము. సంచి దించకుండానే పక్క ఆసామి గుమ్మం ఎక్కి, "తప్పు మాది, మీ మందుది కాదు" అని జరిగినదంతా చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లోపలికి కేకేసి మంచినీళ్ళు తెప్పించాడు. మేము లేచేటప్పుడు మాత్రం, "మబ్బు పట్టిన రాత్రి కబురు పెట్టండి. మా ఇంజను తెచ్చి నీళ్ళు చిమ్మిద్దాం" అన్నాడు.