బుడమేరు నీళ్లలో నాన్న కేసెట్లు

మా నాన్న పాడేవారు కాదు, ఏ వాయిద్యమూ వాయించేవారు కాదు. తపాలా శాఖలో ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని రేడియో దగ్గర కూర్చునేవారు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం వచ్చే వేళకు మా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. విజయవాడ కేంద్రంలో వోలేటి వెంకటేశ్వర్లు గారి కచేరీ ఉందంటే ఆ రోజు భోజనాలు ముందే అయిపోయేవి. మొదట్లో రేడియో వేరు, టేప్‌రికార్డర్ వేరు. రేడియో ముందు స్టూలు వేసి, దాని మీద మైకు పెట్టి రికార్డు చేసేవారు. తర్వాత టూ ఇన్ వన్ కొన్నారు. అప్పటి నుంచి ఒక అలవాటు మొదలైంది. కచేరీకి ముందు మీట నొక్కి, గొంతు సవరించుకుని, తారీఖు, పాడేదెవరు, పక్కవాద్యాలు ఎవరివి అని చెప్పి, అప్పుడు రేడియో వైపు తిప్పేవారు. అలా పోగైనవి 212 కేసెట్లు.

2019లో నాన్న పోయారు. టూ ఇన్ వన్ అంతకు ముందే మూలపడింది, లోపలి రబ్బరు బెల్టులు కరిగి జిగురుగా అయిపోయాయి. అమ్మ మాత్రం పొద్దున కాఫీ తాగుతూ ‘ఆ కేసెట్లు ఏం చేస్తావే పాపా’ అని అడుగుతూ ఉండేది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. 2021 మేలో, కరోనా రెండో విడతలో ఇంట్లోనే ఉండిపోయినప్పుడు పని మొదలుపెట్టాను. మా అబ్బాయి వదిలేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. వాడు హైదరాబాదు నుంచి ఫోన్లో చెబుతుంటే అందులో లైనక్స్ ఎక్కించాను, రెండు టెరాబైట్ల డిస్కులు రెండు పెట్టాను. ఒకదానిలో రాసినది రెండోదానిలోనూ దానంతటదే పడుతుంది. ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుందని ధైర్యం. లాజిటెక్ మీడియా సర్వర్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టాం. హాల్లో ఆంప్లిఫయర్ పక్కన, అంకెల్ని పాటగా మార్చే డాక్ పెట్టె, చేతిలో ఫోను. ఫోన్లో వేలు పెడితే లోపలి గదిలోని కంప్యూటర్ నుంచి పాట హాల్లోకి వస్తుంది.

చెప్పినంత తేలికగా రాలేదు. మొదటి రోజు, మూలపడ్డ టూ ఇన్ వన్ బదులు తెచ్చిన టేప్ డెక్కును కంప్యూటర్‌కి తగిలించగానే స్పీకర్లో గుయ్‌మని మోత. కరెంటు మోత అది, సెకనుకు 50 సార్లు. డెక్కు ఒక గోడ ప్లగ్గులో, కంప్యూటర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉన్నాయి, రెంటి ఎర్తులూ వైరు ద్వారా కలిసి చుట్టు తిరుగుతున్నాయి. అది తెలియక వారం రోజులు వైర్లు మార్చాను. చివరికి రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే మోత పోయింది. సీడీల విషయంలో ఇంకో చిక్కు. సీడీలో సెకనుకు 44,100 కొలతలుంటాయి. కంప్యూటర్ దేన్నయినా 48,000కి మార్చి పంపుతోంది. మార్చకుండా ఉన్నదున్నట్టు పంపించేలా చెయ్యడానికి రెండు ఆదివారాలు పట్టింది.

కేసెట్ల దగ్గర నేను నేర్చుకున్న అసలు పని ఒక్క స్క్రూ. టేపును చదివే హెడ్డు పక్కన స్ప్రింగుతో చిన్న స్క్రూ ఉంటుంది. నాన్న టూ ఇన్ వన్‌లో హెడ్డు ఏ వాలులో ఉండి రికార్డు చేసిందో, నా డెక్కు హెడ్డు కూడా అదే వాలులో ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పాట దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. కళ్లజోడు వాళ్లు వాడే స్క్రూడ్రైవర్‌తో కేసెట్ తిరుగుతుండగానే ఆ స్క్రూని అటూ ఇటూ తిప్పుతాను. ఒక చోట దుప్పటి తీసేసినట్టు వయొలిన్ కమాను తీగె మీద రాసుకునే గరుకు బయటికొస్తుంది. అక్కడ ఆపాలి. ప్రతి కేసెట్‌కీ ఇది మళ్లీ చెయ్యాలి. గంట కేసెట్ ఎక్కించడానికి గంటా పడుతుంది, దానికి అడ్డదారి లేదు. మీడియం వేవ్‌లో పట్టిన పాటకు పెద్ద సంఖ్యలు అక్కర్లేదని 48,000 దగ్గరే ఆగాను. లోతు మాత్రం 24 బిట్లు పెట్టుకున్నాను. ఎక్కడ గొంతు పెరుగుతుందో తెలియదు కాబట్టి, రికార్డింగ్ తక్కువ మట్టంలో పెట్టుకున్నా నష్టం ఉండదని.

ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు చెప్పాలి. పాతవాటిలో కొన్నిటితో మొదలుపెట్టాను, అంటే మైకు కాలం నాటివి. వాటిలో బుస్సుమనే చప్పుడు ఎక్కువ. ఆడాసిటీ ప్రోగ్రాంలో ఆ చప్పుడు తీసేసే మీట ఉంది. తీసేస్తే పాట తేటగా వచ్చింది, సంబరపడ్డాను. శుభ్రం చేసిన దాన్నే దాచి, అసలుది తుడిచేశాను. అలా ముప్పై కేసెట్లు. మా అబ్బాయి ఒకసారి విని, ‘అమ్మా, అసలువి ఉంచుకో, తీసెయ్యడం ఎప్పుడైనా తీసెయ్యొచ్చు’ అన్నాడు. అప్పటి నుంచి చప్పుడు తియ్యడం మానేశాను. ముప్పైనీ మళ్లీ ఎక్కిద్దాంలే, కేసెట్లు బీరువాలో ఉన్నాయిగా అనుకున్నాను.

వాడు ఇంకో మాట కూడా చెప్పాడు. పాట పేరు, రాగం, పాడినవారు, తారీఖు, ఇవన్నీ ఫైలు లోపలే రాసి పెట్టమని. నేను ఫైలు పేరు మీద ఒక నంబరు వేసి, వివరాలు నోటు పుస్తకంలో రాసుకున్నాను. లెక్కల టీచరు అలవాటు. తర్వాత కూర్చుని ఎక్కిద్దామని.

2024 ఆగస్టు నాటికి 140 కేసెట్లు పూర్తయ్యాయి. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో కింది వాటా. కంప్యూటర్ ఫ్యాను చప్పుడు హాల్లోకి రాకూడదని దాన్ని లోపలి గదిలో మంచం పక్కన నేల మీద పెట్టాను. కేసెట్లు చెక్క బీరువా కింది రెండు అరల్లో ఉన్నాయి. బరువైనవి కింద పెట్టాలని నాన్న పెట్టినవే.

ఆగస్టు 31 శనివారమంతా వాన. ఆదివారం తెల్లవారుజామున లేచేసరికి వీధిలో మోకాళ్లలోతు నీళ్లు. పైన బుడమేరు వాగుకు గండ్లు పడ్డాయని ఎవరో అరుస్తున్నారు. గంటలో నీళ్లు గడప దాటాయి. నల్లటి నీళ్లు, పైన నూనె తెట్టు. అమ్మకు 81 ఏళ్లు, మోకాళ్లు వంగవు. పై వాటా వాళ్ల అబ్బాయి, నేను చెరో రెక్కా పట్టుకుని మెట్లెక్కించాం. అమ్మ మందులు, ఆధార్ కార్డులు, సర్టిఫికెట్ల ఫైలు, రెండు చీరలు తీసుకున్నాను. మళ్లీ కిందికి దిగితే నీళ్లు నడుం దాకా వచ్చాయి, మంచం తేలుతోంది. కంప్యూటర్ కనపడలేదు. బీరువా తలుపు లాగాను, నీటి బరువుకి రాలేదు. పైనుంచి అమ్మ నా పేరు పెట్టి పిలుస్తోంది. ఎక్కి వచ్చేశాను.

నాలుగు రోజులు పై వాటాలో ఉన్నాం. కరెంటు లేదు, మంచినీళ్లు లేవు. ఫోన్లు రెండో రోజుకే ఆగిపోయాయి. డ్రోన్లు డాబాల మీదికి తిండి పొట్లాలు దింపాయి. బుధవారం మాకు పడవ దొరికింది. పటమటలో మా పిన్ని ఇంటికి చేరాం. పడవలో అమ్మ ఒక్కసారి మా కిటికీ వైపు తిరిగి చూసింది, ఏమీ అనలేదు. కిటికీ పై చువ్వ మాత్రమే కనిపిస్తోంది.

పదో రోజు ఇంటికి వెళ్లాను. చీలమండ లోతు బురద, ఆ వాసన ఎవరికీ చెప్పి అర్థమయ్యేట్టు చెయ్యలేను. కంప్యూటర్ పెట్టె పక్కకి ఒరిగి ఉంది, పక్క రేకు తియ్యగానే బురద జారింది. రెండు డిస్కులూ ఒకే పెట్టెలో, ఒకే నీళ్లలో. ఒకటి పాడైతే రెండోది ఉంటుందన్న నా ధైర్యం ఆ బురదలో ఉంది. నోటు పుస్తకం అట్టతో సహా ఇటుక ముద్దలా అయిపోయింది.

మా అబ్బాయి ఫోన్లో మొదట అన్న మాట, ‘అమ్మా, వాటికి కరెంటు పెట్టొద్దు’ అని. నేను విన్నాను కానీ ఆగలేకపోయాను. మర్నాడు ఒక కొట్టుకి ఒక డిస్కు తీసుకెళ్లాను. అతను మంచివాడే, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, ఆడుతుందేమో చూద్దామని తగిలించాడు. టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టి, గీరిన చప్పుడు వచ్చింది. డిస్కు లోపల గాలి ఆడటానికి సన్న రంధ్రం ఉంటుంది. నీళ్లూ మట్టీ దాన్లోంచే వెళ్లాయి. చదివే హెడ్డు ఆ మట్టి మీద తిరిగి పళ్లేన్ని గీసేసింది. రెండో డిస్కుని మాత్రం తడిబట్టలో చుట్టి, సంచిలో మూసి హైదరాబాదు పంపాను.

కేసెట్లను అలాగే తడిగా ఉంచమని, ఆరితే బురద అట్ట కట్టి టేపు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయని చదివాను. పిన్ని ఇంటి పెరట్లో ప్లాస్టిక్ టబ్బుల్లో మంచినీళ్లు పోసి అందులో వేశాను. ముందు ఇంకా ఎక్కించని 72. కాగితం చీటీలు ఊడి నీళ్లలో తేలాయి, నాన్న చేతిరాత టబ్బు నీళ్లలో నీలంగా కలిసింది. ఒక్కో కేసెట్‌కి ఐదు స్క్రూలు. విప్పితే లోపల రెండు చక్రాలు, వాటి మీద గోధుమరంగు టేపు. చక్రాల్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని కుళాయి నీళ్లలో తిప్పాలి, తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచాలి. ఎండలో పెట్టకూడదు. నీడలో నూలుగుడ్డ మీద, ఫ్యాను దూరంగా పెట్టి, రోజుకు రెండుసార్లు తిరగేస్తూ ఆరబెట్టాను. ఆరాక వేరే డొక్కులోకి మార్చాలి. వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్టులో సినిమా పాటల కేసెట్లు సంచి నిండా కొని వాటి డొక్కులు వాడాను. కొన్ని టేపులు వేరే డెక్కులో తిరుగుతుంటేనే గోధుమరంగు పొడి రాలింది, హెడ్డు తుడిచి మళ్లీ పెడితే మళ్లీ రాలింది. అవి ఒక్కసారే పాడతాయని తెలిసి, ఆ ఒక్కసారే రికార్డు చేశాను. 72లో 41 దక్కాయి. మొదటి ముప్పై కేసెట్ల మీదికి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. బూజు పట్టి, టేపు ముక్కలుగా విరిగింది.

ఐదు వారాల తర్వాత హైదరాబాదు నుంచి డిస్కు కబురొచ్చింది. దుమ్ము లేని గదిలో తెరిచి, పళ్లేలు శుభ్రం చేసి, అలాంటిదే ఇంకో డిస్కు నుంచి హెడ్లు తెచ్చి పెట్టారు. రెండేసి వైపుల చొప్పున 280 ఫైళ్లు ఉండాలి, 251 వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఫైళ్లు తెరిచి చూశాను. పేర్లు లేవు. ఒకటి నుంచి 251 దాకా వట్టి అంకెలు, అవి కూడా నావి కావు. ఫైలు లోపల రాసి ఉంటే పేర్లు ఫైలుతోపాటే వచ్చేవి.

ఒక్కొక్కటే వినడం మొదలుపెట్టాను. మొదటిది పెట్టగానే గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత నాన్న. తారీఖు, నెల, సంవత్సరం, గాత్రం, వయొలిన్, మృదంగం. నేను టైపు చేసుకుంటూ పోయాను. పక్కన పడక కుర్చీలో అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. రెండో వైపు నాన్న మాట ఉండదు, రాగం ఎక్కడ ఆగిందో చూసుకుని మొదటి వైపుతో జత కలిపాను. మూడు నెలల్లో 180 పైగా తేలాయి.

ఇప్పుడు మేం రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. కంప్యూటర్ గోడకు కొట్టిన చెక్క మీద, నా తల ఎత్తులో ఉంది. ఫ్యాను చప్పుడు హాల్లోకి కొంచెం వినిపిస్తుంది, వినిపించనీ. ఒక డిస్కు హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో ఉంటుంది. నెలకోసారి వాడు వచ్చినప్పుడు అది ఇక్కడికి, ఇక్కడిది అక్కడికి మారతాయి. వివరాలన్నీ ఫైళ్ల లోపలే రాస్తున్నాను.

మిగిలినవి మైకు కాలం నాటివి. నాన్న మాట లేనివి. మొన్న రాత్రి అలాంటిదొకటి పెట్టాను, కడిగి దక్కించుకున్న 41లోది. పాట వెనకాల దూరంగా కిర్రు, ధబ్బు, కిర్రు, ధబ్బు. అమ్మ కళ్లు తెరిచింది.

‘బోరింగు. సత్యనారాయణపురంలో అద్దెకున్నప్పటిది. పక్క వాటా ఆవిడ రాత్రిళ్లు నీళ్లు కొట్టుకునేది, మీ నాన్న విసుక్కునేవారు. నువ్వు అప్పటికి నడక నేర్చావు. 77 అయ్యుండాలి, 78లో ఆ ఇల్లు వదిలేశాం.’

1977 అని రాసి, తర్వాతది పెట్టాను. గాత్రం తేటగా ఉంది, వెనక నిశ్శబ్దం. అమ్మ చాలాసేపు చెవి పెట్టి వింది.

‘ఇందులో ఇల్లు వినపడట్లేదేమే?’ అంది.

అది నేను శుభ్రం చేసిన ముప్పైలోది. సంవత్సరం దగ్గర ఖాళీ వదిలేశాను.