భద్రాద్రి దారిలో వరుసధర్మము

ఖమ్మము పట్టణమునుండి భద్రాచలమునకు సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెము చేరువరకు దారి తక్కిన యూళ్ల దారివంటిదే. పాల్వంచ దాటిన పిమ్మట అడవిగాలి తగులును. మేము పోయినది ఫాల్గుణమాసాంతము. మోదుగుచెట్లు ఆకు రాల్చి యెఱ్ఱని పూలతో నిండియుండెను. ఇప్పచెట్ల క్రింద కోయ స్త్రీలు రాలిన పువ్వు నేరి గంపల కెత్తుకొనుచుండిరి. నడుమ నడుమ జామాయిలు తోటలు బారులు తీర్చి నిలిచియుండును. సారపాకలోని కాగితపుమిల్లు కనబడినదనగా గోదావరి వచ్చినదన్నమాటయే. ఇచ్చటి వంతెనను 1965లో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ప్రారంభించిరి. అంతకు మునుపు యాత్రికులు పడవలపై నేరు దాటవలసియుండెను. పడవ కడకు ముందుగ చేరినవాడు ముందెక్కెడివాడో, బలము గలవాడు ముందెక్కెడివాడో గాని, వరుసను గూర్చిన తగవు నేటిది మాత్రము కాదు.

యాత్రలను గూర్చి వ్రాయువారు గోపురమును, ఏటిని, ప్రసాదమును వర్ణింతురు. మేము ముఖ్యముగ జెప్పదలచినది గుడివాకిట నిలుచు వరుసను గూర్చి. పెద్ద బలగముతో యాత్రకు బయలుదేరు ప్రతి సంసారమునందును ఒక ముదుసలియో, అవయవలోపము గల యొకరో యుందురు. వారికి దారి విడువవలసినదే. ఇందు సందేహము లేదు. కాని వారి వెంట వచ్చిన మన కెంత దారి చెల్లును? ఈ ప్రశ్న మాకు దారిలోనే యెదురయ్యెను.

మేము మొత్తము 23 మందిమి. బంధువులము, ఇరుగుపొరుగువారము కలసి ఒక బస్సు కుదుర్చుకొంటిమి. మా యత్తగారికి 78 ఏండ్లు. మోకాళ్లు పట్టి ఎక్కువసేపు నిలువలేరు. మా యాడపడుచునకు పసితనమున పోలియో సోకి యెడమకాలు పడిపోయినది; చంకకఱ్ఱతో నడచును. మన దేశము 2014లో పోలియోరహితమని ప్రకటింపబడినది గాని, అంతకు ముందు ఆ జబ్బు సోకినవారు మన యిండ్లలో నింకను ఉన్నారు. వారికి యాత్ర యనగా దైవదర్శనమే కాదు, ప్రతి గడపయు, ప్రతి మెట్టును ఒక పరీక్ష.

దారిలో నొక చిన్న క్షేత్రమున దిగితిమి. అది సెలవుదినము, వరుస మండపము దాటి యెండలోనికి సాగియుండెను. వాకిట నున్న కావలివాడు చంకకఱ్ఱను జూచి, ప్రక్కద్వారము తెఱచి, “మీవాళ్లంతా ఇటు రండి” అనెను. అతని మనస్సు మంచిదే. మాలో గొందఱు సంతసించి అటు కదలబోయిరి; కొందఱు వెనుకాడిరి. ఇంతలో వరుసలో నున్న యొక స్త్రీ, చంకలో బిడ్డ, తలపై మూట గలది, ఏ కోపమును లేక, “అమ్మా, ఆమె పోవాలె, తప్పదు. మరి మీరంతా ఎందుకు పోతున్నరు?” అని యడిగెను.

సమాధానము చెప్పుట కెవరికిని నోరు రాలేదు. 23 మందిలో నిలువలేనివా రిద్దఱు. తక్కిన 21 మందికిని కాళ్లు బాగుగనే యున్నవి. ఆ స్త్రీ యెదుట 2 వంతులు జరుగుట వేఱు, 23 వంతులు జరుగుట వేఱు. అటుల జరిగినచో ఆమె బిడ్డ ఇంకొక యరగంట యెండలో నుండును. అయిన నొక పెద్దమనిషి, “అయితే ఆమెయు అత్తగారును పోయి చూచివత్తురు, మనము తరువాత చూతము” అనగా, మా యాడపడుచు ఒప్పుకొనలేదు. “వదినా, నేను ముందు పోయి దణ్ణం పెట్టుకొని, మీరొచ్చేదాకా బయట ఒంటరిగా కూర్చోవాలా? నాకు తొందర దర్శనం వద్దు. నేను నిలవలేను, అంతే. మీతోనే చూస్తాను” అనెను.

ఆ మాటలో రెండు సంగతులు విడివడినవి. నిలుచుట యొకటి, వేచియుండుట యొకటి. ఆమెకు కష్టమైనది మొదటిది. రెండవదానిలో మాతో పాలు పంచుకొనుటకు ఆమె సిద్ధముగనే యుండెను. అంతట మఱ్ఱిచెట్టు నీడను చాప పఱచి అత్తగారిని, ఆడపడుచును గూర్చుండబెట్టితిమి. మూట దింపించి, బిడ్డతోగూడ ఆ స్త్రీని సైతము అచ్చటనే కూర్చుండుమని పిలిచితిమి. ఆమె వెనుకవారు, “ఫరవాలేదమ్మా, నీ చోటు ఉంటది” అనిరి. మేము వరుస చివర నిలిచితిమి. ఆమె వంతు సమీపింపగనే మా మఱది కుమారుడు పోయి ఆమెను బిలుచుకొనివచ్చెను. మా వంతు వచ్చినపుడు మావారిద్దఱును మాతో గలసిరి. ఎవరికిని ఒక్క వంతైనను వెనుకబడలేదు. అందఱమును గలసియే దర్శించితిమి.

ఇది క్రొత్త ధర్మము గాదు. మహాభారతమున అరణ్యపర్వమందు అష్టావక్రుని కథ కలదు. ఎనిమిది వంకరలతో బుట్టిన యా బాలుడు జనకుని యజ్ఞశాలకు పోవుచు, దారి యెవరిదని వాదించును. గ్రుడ్డివానికి, చెవిటివానికి, స్త్రీకి, బరువు మోయువానికి దారి విడువవలెననియు, రాజు వంతు వారి తరువాతనే వచ్చుననియు నతని వాదము. మనుస్మృతియందును ముదుసలికి, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి దారి విడువవలెనని యున్నది. ఆనాటి వర్ణమర్యాదలు గొన్ని యా పట్టికలలో గలసియున్నమాట నిజమే. అవి నేటికి చెల్లవు. కాని చూడదగిన విశేష మొకటి కలదు. అందు దారి చెప్పబడినది కష్టము గల మనుష్యునికే గాని వాని పరివారమునకు గాదు. మా యెదుట నిలిచిన స్త్రీ బరువు మోయునది, బిడ్డతల్లి. ఆ పట్టిక ననుసరించినను మాకంటె ఆమెయే ముందు.

భద్రాచలము చేరునప్పటికి పొద్దు వాలినది. గుడి చిన్నకొండపై నున్నది గనుక మెట్లెక్కవలయును. భద్రమహర్షి తపస్సునకు మెచ్చి శ్రీరాముడు నాలుగు భుజములతో, వామాంకమున సీతతో నిచ్చట వెలసెనని స్థలపురాణము. ఆ మూర్తులు పుట్టలో మఱుగుపడియుండగా, భద్రిరెడ్డిపాలెపు పోకల దమ్మక్క యను అడవిబిడ్డ కనుగొని, పందిరి వేసి, తాటిపండు నైవేద్యము బెట్టెనని చెప్పుదురు. పిదప నేలకొండపల్లికి జెందిన కంచెర్ల గోపన్న, తానీషా కాలమున పాల్వంచ పరగణా తహసీలుదారుగ నుండి, గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడెనని గోలకొండలో చెఱసాల పాలయ్యెను. ఆయనయే మన రామదాసు. తానీషా నాడు మొదలైన ముత్యాల తలంబ్రాల యాచారమును నేటికిని ప్రభుత్వము శ్రీరామనవమి కల్యాణమునకు పాటించుచున్నది. మొదటి పూజ చేసినది చదువు, అధికారము లేని యొక స్త్రీ. కల్యాణమునకు ముత్యములు పంపినది గోలకొండ సుల్తాను. ఇట్టి సన్నిధిలో ముందువెనుకల పట్టింపు మఱియొక తీరున గనబడును.

మెట్లకడ మేము తొందరపడలేదు. పది మెట్లెక్కి యాగుచు, చంకకఱ్ఱ వైపు నొకరము, రెండవవైపు నొకరము నడచితిమి. అత్తగారిని మా మఱదులిద్దఱు చేతులు పెనవేసి కుర్చీవలె చేసి యెత్తుకొనిరి. మఱునాడు దుమ్ముగూడెము దారిని పర్ణశాలకు పోయితిమి. అచ్చట గోదావరి యొడ్డు చదునైనది. మా యాడపడుచు మా అందఱికంటె ముందు నడచి, నీటియంచున మాకొఱకు కాచియుండెను.

చట్టము కూడ ఈ దారినే పట్టినది. 2011 జనాభా లెక్కలలో మన దేశమున అవయవలోపము గలవారు 2 కోట్ల 68 లక్షలు. 1995 నాటి చట్టము 7 విధములైన లోపములనే గుర్తించెను. దాని స్థానమున వచ్చిన 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించుచున్నది. అందులో కంటికి కనబడని లోపములును గలవు. పదిమంది వచ్చిపోవు కట్టడములలో వీరికి రాకపోకలు సుగమము కావలెనని యా చట్టము శాసించినది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ నియమములు సలహాలుగ మిగులరాదనియు, తప్పక పాటింపదగినవిగ నుండవలెననియు తీర్పు చెప్పెను. కాబట్టి వాలుదారి, పట్టుకొనుటకు కమ్మి, కూర్చుండుటకు బల్ల యనునవి దయాధర్మములు గావు, హక్కులు. కాని ఆ హక్కు మన చుట్టపక్కాలకు కూడ సంక్రమించునని యెచ్చటను చెప్పబడలేదు.

వెంటవచ్చువారి సంగతి యిచ్చటనే గాదు, అమెరికాలోను తగవు దెచ్చినది. మన బిడ్డలు పలువు రచ్చట స్థిరపడి, చూడవచ్చిన తల్లిదండ్రులను డిస్నీవారి విహారవనములకు దీసికొనిపోవుచుందురు. అచ్చట ఒక్కొక్క యాటకు గంటలతరబడి వరుస. పూర్వము లోపము గలవారిని, వారి బలగమును వేఱు ద్వారమున పంపెడివారు. కొందఱు ధనికులు ఇట్టివారిని కూలికి దెచ్చుకొని వరుస దాటుచున్నారని 2013లో పత్రికలలో వచ్చెను. ఆ యేడే వారు పద్ధతి మార్చి, వరుసలో నెంతసేపు పట్టునో అంతసేపటి తరువాత రమ్మని వేళ నిర్ణయించి చెప్పసాగిరి. అంతవఱకు నీడను గూర్చుండవచ్చును. మఱ్ఱిచెట్టు క్రింద మా వారు చేసినది యిదియే గదా! 2024లో ఆ సదుపాయమును మఱింత బిగించి, ముఖ్యముగ ఆటిజము వంటి ఎదుగుదల లోపములు గలవారికే యనిరి. బలగమును సాధారణముగ నలుగురికి, లేదా స్వంత కుటుంబమునకు పరిమితము చేసిరి. కూర్చుండియైనను దీర్ఘకాలము వేచియుండలేని తక్కిన రోగులు దీనిచే నొచ్చుకొనిరి.

వారి నొప్పియు వినదగినదే. వేచియుండుటయే సాధ్యము గానివారు కొందఱున్నారు: గుంపును, గోలను సహింపలేని బిడ్డ, వేళకు మందు, ఆహారము, మఱుగుదొడ్డి తప్పరాని రోగి. వారిని నిజముగ ముందు పంపవలసినదే. వారితో తోడుగ నొకరో ఇద్దఱో పోవలయును. తల్లి పోవునపుడు చంకబిడ్డను విడిచి పోలేదు గనుక ఆ బిడ్డయు పోవలయును. ఇట్టిచోట లెక్క బిగించుట అన్యాయము. అదియు గాక, లోపము కంటికి కనబడలేదని వరుసలోనివారు నిందించుట మఱింత అన్యాయము. లెక్క కంటె ముందు వివేక ముండవలెను.

వరుస చెడిన నేమగునో తెలుగునాట మనమందఱ మెఱుగుదుము. 2015 జూలై 14న గోదావరి పుష్కరముల మొదటినాడు రాజమహేంద్రవరపు ఘట్టమున తొక్కిసలాటలో ఇరువదిమందికి పైగ ప్రాణములు గోల్పోయిరి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై చేరిన గుంపులో ఆఱుగురు చనిపోయిరి. త్రోపులాటలో మొదట పడిపోవువారు ముదుసళ్లు, పసివాండ్రు, కాళ్లు లేనివారు. గోదావరి పుష్కరములు మరల 2027లో రానున్నవి. భద్రాచలమునకును జనము పోటెత్తుదురు.

సోదరీమణులారా, పెద్ద బలగముతో బయలుదేరువారు ఇంటికడనే కొన్ని సంగతులు నిశ్చయించుకొనుట మేలు. నిలువలేనివా రెవరు, వేచియుండలేనివా రెవరు అని వేఱువేఱుగ నెంచుకొనవలెను. ఒక్కొక్కరికి తోడెవరో ముందే చెప్పియుంచవలెను. దేశమంతట చెల్లు యూడీఐడీ కార్డు నకలును వెంట నుంచుకొనవలెను. ఏలయన భద్రాచలము తెలంగాణమునందును, దాని చుట్టునున్న ఎటపాక మొదలగు గ్రామములు 2014నుండి ఆంధ్రప్రదేశమునందును ఉన్నవి, అడుగడుగున సరిహద్దే. మడతకుర్చీ యొకటి బస్సులో వేసికొనిన పదిచోట్ల పనికివచ్చును. గుడివారు బలగమునంతటిని ముందుకు పిలిచినను, పోవలసినవారిని పంపి, తక్కినవారు వరుసలో నిలువవలయును. అన్నిటికంటె ముందుగ, ఎవరికొఱకు ఈ యేర్పాటో వారినే యడుగవలెను. మనము వారి తరపున నిశ్చయించుటకు అలవాటుపడియున్నాము. వారి కోరిక మన యూహకు భిన్నముగ నుండవచ్చును.

వరుసలో మన ముందువారి చంకను చూడుడు, తలను చూడుడు. బిడ్డయో మూటయో యున్నచో, “కూర్చోండమ్మా, మీ చోటు మేము చూస్తాము” అనుడు. ఆ మాటకు టికెట్టు లేదు, ప్రత్యేకద్వారమును అక్కఱలేదు.