గేరుబాక్సు దించు సాధనము కొఱకు: జవహర్ ఆటోనగర్ పర్యటనము

విజయవాడలో బందరు రోడ్డును విడిచి జవహర్ ఆటోనగర్ ద్వారమును దాటినంతనే ఇనుము ఇనుమును తాకు చప్పుడు, వెల్డింగు మెఱుపు, గేరాయిలుకు సహజమగు గంధకపు ఘాటు ఒక్కసారిగా మనుష్యుని చుట్టుకొనును. 1966లో నెలకొనిన ఈ వాటికలో, లారీలకు బాడీ కట్టు వడ్రంగులు మొదలుకొని, కమానుపట్టీలను కొలిమిలో కాల్చి వంపు దిద్దు కమ్మరుల వఱకు, వాహనమునకు ఆయుర్దాయము పోయు వృత్తులన్నియు వీధివీధినా కొలువుతీరి యున్నవి. మా యింటనున్న పాత మహీంద్రా జీపు గేరుబాక్సును స్వహస్తములతో ఇంటివద్దనే దించవలెనను సంకల్పము కలిగి, అందులకు ఎట్టి సాధనము కొనదగునో ఆ పనిలో చేతులు పండిన వారినే అడుగవలెనని నేనచటికి పోయితిని.

నేను ప్రవేశించిన షెడ్డులో అప్పుడొక లారీ గేరుబాక్సు దిగుచుండెను. క్యాబిను రెండు తలుపులను తెఱచి, ఈ ద్వారమునుండి ఆ ద్వారమునకు దళసరి ఇనుపగొట్టము నొకదానిని అడ్డముగా వేసి, దానికి చైన్ బ్లాకును తగిలించి, అడుగుపలక తొలగించిన సందునుండి గొలుసును క్రిందికి విడిచియుండిరి. పైనున్న కుఱ్ఱవాడు చేతిగొలుసును లాగినకొలది పెట్టె వెండ్రుకవాసిగా దిగుచుండెను. చేయి వదలినచోటనే నిలుచుచుండెను. వృద్ధుడైన మేస్త్రీ క్రింద నిలిచి, ఒక్క అరచేతిని పెట్టెకు ఆనించి, దాని వంపును మాత్రమే కనిపెట్టుచుండెను. ఇంత భారము ఇంత నిశ్శబ్దముగా, ఇంత వినయముగా నేలకు చేరుట నేనెన్నడును చూచి యుండలేదు.

పని ముగిసినపిమ్మట నా ప్రశ్న విని ఆయన చెప్పిన మొదటి మాట యిది: "ఎన్ని టన్నులు ఎత్తుతుందని అడక్కండి మాస్టారూ. మీ జీపు పెట్టె ఓ మనిషి బరువుంటుంది, అంతే. దాన్ని ఏ జాకైనా ఎత్తుతుంది. మెల్లగా దించుతుందా, వంచితే వంగుతుందా, అది చూసుకోండి."

ఈ మాటలోని యథార్థము గేరుబాక్సు నిర్మాణమును ఎఱిగినకొలది స్పష్టమగును. పెట్టె ముందుభాగమునుండి వెలువడు షాఫ్టు క్లచ్చి ప్లేటు నడుమనున్న పండ్లగుండా పోయి, దాని కొన ఇంజను వెనుకనున్న పైలట్ బుష్షులో కూర్చుండును. పెట్టెను పట్టియున్న నాలుగు బోల్టులును విప్పినపిమ్మట, షాఫ్టు పూర్తిగా వెలికి వచ్చువఱకు, పెట్టె ఇంజనుతో ఏకరేఖగా నుండవలెను. ఆ క్షణమున అది ఒరిగి షాఫ్టుపై వ్రేలాడెనా, క్లచ్చి ప్లేటు వంగును, బుష్షు చెడును. అంతేకాక, జీపులో గేరుబాక్సు క్రింది అడ్డకమ్మియే ఇంజను వెనుకభాగమునకును ఆధారమగుటచే, దానిని విప్పగానే ఇంజను వెనుకకు వాలును. కావున ఇంజను క్రింద మఱియొక ఆధారము ముందే యుండి తీరవలెను. ఇక నాలుగు చక్రములకును శక్తిని పంచు ట్రాన్స్‌ఫర్ కేసు కుడిప్రక్కకు పొడుచుకొని యుండుటచే ఆ పెట్టె భారకేంద్రము నడుమ నుండదు. సమతలమగు పలకపై ఊరక నిలిపినచో ఒక ప్రక్కకు దొర్లును. అందుచే సాధనపు తల ముందునకు, వెనుకకు, ప్రక్కలకు వంగగలదై యుండి, పెట్టెను బిగించి కట్టుటకు గొలుసు కలదై యుండవలెను.

ఇండ్లలో సామాన్యముగా కానవచ్చు ట్రాలీ జాకు ఈ పరీక్షలో సగమే నెగ్గును. 1795లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన ద్రవపీడన యంత్రపు సూత్రమే దానిలోను పనిచేయును: సన్నని పిస్టనుపై మోపిన కొద్దిబలము వెడల్పుపిస్టనువద్ద పెద్దబలమగును. కాని దాని చేయి ధనురాకృతిని లేచుటచే తల పైకి పోవుటతోపాటు అడ్డముగను జరుగును; చక్రములు స్వేచ్ఛగా దొర్లిననే ఆ జరుగుడు సరిపోవును, మట్టినేలలో దిగబడినచో జాకు పెట్టెనే లాగివేయును. పైగా వాల్వును కొంచెము ఎక్కువ త్రిప్పినంతనే భారము దభాలున దిగును. సీలు అరిగిన జాకు ఎవరును తాకకయే క్రుంగును గనుక, జాకును నమ్మి బండి క్రింద దూరుట ప్రాణములతో చెలగాటము. ఎత్తిన బండిని నిలుపు స్టాండ్లు లేని ఇంట ఈ పని తలపెట్టరాదని నా దృఢాభిప్రాయము.

చైన్ బ్లాకు నాకు మిక్కిలి నచ్చినది. కాని దానిని వ్రేలాడదీయుటకు ఇంటిలో దూలమేది? ఫ్యాను కొక్కెమునకు తగిలింతురేమోనని మేస్త్రీ భయపడెను. ఆ భయము న్యాయమైనది. త్రాళ్ల విషయమునను ఆయన హెచ్చరించెను: పెట్టెను వ్రేలాడదీసిన రెండు త్రాళ్ల నడుమ కోణము 120 డిగ్రీలైనచో, సగము భారము మోయవలసిన ఒక్కొక్క త్రాడు మొత్తము భారమంత లాగుడును భరించును.

పొడవుగా లేచు ట్రాన్స్‌మిషన్ జాకు బండి క్రింద నిలుచుటకు పిట్టుగాని, బండిని పైకెత్తు లిఫ్టుగాని గలవారికే పనికివచ్చును. పొట్టిజాతి దానిని కొనువారు దాని గరిష్ఠపు ఎత్తుకంటె కనిష్ఠపు ఎత్తును ముందు విచారింపవలెను. జాకు పూర్తిగా దిగి 18 సెంటీమీటర్లున్నదనుకొందము, పెట్టె మందము 35 అనుకొందము. బండి అంచు నేలకు 53 సెంటీమీటర్లకు పైగా లేవనిదే దిగిన పెట్టె వెలికి రాదు. అంత ఎత్తునకు స్టాండ్లు చాలనప్పుడు పెట్టెను చెక్కపలకపైకి జార్చి, జాకును లాగివేసి, పలకతోనే వెలికి ఈడ్చుట అచటివారి పద్ధతి.

మేస్త్రీ తన షెడ్డు మూలనుండి తీసి చూపిన వస్తువు నా సందేహమును తీర్చెను: ట్రాలీ జాకు తలరంధ్రములో దిగు కడ్డీ, దానిపై యాంగిల్ ఇనుముతో చేసిన పలక, వంపు దిద్దుటకు రెండు బోల్టులు, కట్టుటకు గొలుసు. సిమెంటు నేలయు, జాకును ఓపికగా దించు చేయియు గల గృహస్థునకు ఇంతకు మించిన సాధనము అక్కఱలేదని నేను నమ్ముచున్నాను. "మీ పెట్టె అడుగు కాయితం మీద గీసి పట్రండి. డ్రెయిన్ బోల్టు ఎక్కడుందో, కేసు కుడివైపుకి ఎంత పొడుచుకొచ్చిందో రాయండి. ఆ కొలతకే చేయిస్తాను," అనెను ఆయన. పలకకు కొలతలు పంపెదనని చెప్పి, స్టాండ్లు మాత్రము ఆనాడే ఎదుటివీధిలో కొంటిని.