రాయపూర్ ప్రభువు వారసుడు

బ్రిటిష్ వంశపారంపర్య బిరుదాలు సాధారణంగా ‘న్యాయసమ్మతంగా జన్మించిన ఔరస పురుష సంతతి’కే సంక్రమిస్తాయి. అనువాదకులకు ‘ఔరస’ శబ్దం కోసం వెతుకులాట అక్కరలేదు. మన ధర్మశాస్త్రాలు దానిని ఏనాడో అందించాయి. చిక్కంతా ‘న్యాయసమ్మతం’ దగ్గరే.

బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా రాయపూర్‌లో 1863లో జన్మించిన సత్యేంద్ర ప్రసన్న సిన్హా, 1909లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో తొలి భారతీయ సభ్యులైనారు. 1915లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. 1919లో ‘బారన్ సిన్హా ఆఫ్ రాయపూర్’ బిరుదంతో ప్రభువుల సభలో అడుగుపెట్టిన తొలి భారతీయుడు ఆయనే. ఆ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టాన్ని ఆ సభలో గట్టెక్కించినదీ ఆయనే.

1928లో ఆయన కన్నుమూశారు. కుమారుడు అరుణ్ కుమార్ వారసత్వం కోరగా ఒక ప్రశ్న అడ్డువచ్చింది. తల్లిదండ్రుల పెళ్ళి హిందూ పద్ధతిలో జరిగింది. ఆనాటి హిందూ న్యాయం పురుషునికి బహుభార్యత్వాన్ని అనుమతించేది. అట్టి పెళ్ళిని ఆంగ్ల న్యాయం వివాహంగా గుర్తిస్తుందా? సిన్హాకు భార్య ఒక్కరే. పైగా కుమారుడు పుట్టకముందే దంపతులు ఏకపత్నీ నియమం గల బ్రహ్మసమాజంలో చేరారు. అయినా తీర్పు అనుకూలంగా వచ్చేసరికి 1939 అయింది.

తండ్రి నడిపించిన చట్టాన్ని శంకించని సభ, తల్లి పెళ్ళిని శంకించింది! ‘మ్యారేజ్’కు ‘వివాహం’ అని వ్రాసేటప్పుడు నా కలం నేటికీ ఒక్క క్షణం ఆగుతుంది. నిఘంటువు ఆ రెండూ ఒకటేనంటుంది. ఆ ఇంటి విషయంలో అది ఒప్పుకోవడానికి ప్రభువుల సభకు పదకొండేళ్ళు పట్టింది.